పీరయ్య కాచిన గేటు

సౌదీ అరేబియాలోని తబూక్‌లో సైనిక స్థావరానికి పోయే రోడ్డు వెనక ఒక సందు ఉంది. ఆ సందులో రెండంతస్తుల విల్లాను అబూ ఫహద్ అనే స్థానికుడు బడిగా మార్చి నడిపేవాడు. ఆసుపత్రి ఉద్యోగుల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు, ఇంజనీర్ల పిల్లలు, ఎక్కువగా ఇండియా పాకిస్తాన్ కుటుంబాల వాళ్లు అక్కడ చదువుకునేవారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిందని తెలిసిన వారంలోనే తల్లిదండ్రులు బడి ముందు గుంపుగా చేరారు. ఏదైనా జరిగితే మా పిల్లలకు ఎవరు దిక్కు అని అడిగారు. అప్పటిదాకా గేటు దగ్గర ఒక ముసలి యెమెనీ స్టూలు మీద కూర్చుని కునుకు తీసేవాడు. యెమెన్ ఇరాక్ వైపు మొగ్గిందని సౌదీ ప్రభుత్వానికి కోపం రావడంతో, ఆ శీతాకాలానికి ముందే యెమెనీలందరితోపాటు అతనూ దేశం విడిచిపోవాల్సి వచ్చింది.

అబూ ఫహద్ బాగా ఆలోచించాడు. గేటు దగ్గర ఉండాల్సింది ప్రమాదాన్ని ఎదురుగా చూసిన మనుషులు అనుకున్నాడు. వెతికి వెతికి ఇద్దర్ని తెచ్చుకున్నాడు. ఒకడు రాయచోటి వాడు, మస్తాన్ వలీ. పటాలంలో హవల్దారుగా చేసి, శ్రీలంకలో పోరు చూసి, పెన్షన్ తీసుకుని డ్రైవరుగా సౌదీకి వచ్చాడు. రెండోవాడు లక్షెట్టిపేట పీరయ్య.

పీరయ్య బెల్లంపల్లి బొగ్గుబావుల్లో రెస్క్యూ జట్టులో పనిచేసినవాడు. బావిలో పైకప్పు కూలినా, నిప్పు అంటుకున్నా, పొగ కమ్మినా అందరూ బయటికి పరుగెత్తే దారిలో ఆ జట్టు లోపలికి పోయేది. పన్నెండేళ్లు ఆ పని చేశాక ఒకసారి రాయి జారి అతని భుజం మీదే పడింది. ఎముక అతుక్కుంది కానీ చెయ్యి పైకి లేవలేదు. డాక్టర్లు పనికిరాడని రాసేశారు. చంటిబిడ్డ శ్రీలతను, భార్య దేవవ్వను ఊళ్లో వదిలి, ఏజెంటు మాట నమ్మి 1989లో తబూక్ దగ్గర గోధుమ పొలాల్లోకి వచ్చాడు. అక్కడ నీటి పైపులు కనిపెట్టుకుని ఉండటం అతని పని. ఆ పొలం యజమాని అబూ ఫహద్‌కు చుట్టం. మాటల మధ్య పీరయ్య సంగతి చెప్పాడు.

అబూ ఫహద్ స్వయంగా పొలానికి కారు వేసుకుని వచ్చాడు. చాలా ఏళ్లుగా పాకిస్తానీలతో పని చేయించుకుని ఉర్దూ బాగా నేర్చినవాడు. పీరయ్యకూ బావుల్లో వచ్చిన హిందీ ఉంది.

"పొగలోకి పోవడానికి నీకు భయం లేదా?" అని అడిగాడు.

"భయం ఎందుకుండది సాబ్. ఉంటది. పోవుడు పోవుడే."

ఆ జవాబు అబూ ఫహద్‌కు నచ్చింది. ఆ నెలలోనే కాగితాలు మార్పించి కఫీల్‌గా, అంటే పీరయ్యకు పూచీపడే యజమానిగా, తన పేరు రాయించుకున్నాడు. పాస్‌పోర్టు తీసుకుని బడి ఆఫీసులో ఇనుప బీరువాలో పెట్టాడు. అందరి పాస్‌పోర్టులూ అక్కడే ఉన్నాయి కాబట్టి పీరయ్య దాని గురించి ఆలోచించలేదు. రెండేళ్లు చేసి ఇంటికి పోవచ్చు అనుకున్నాడు.

గేటు పక్క గదిలో ఇద్దరికీ మంచాలు వేశారు. పొద్దున పిల్లలు లోపలికి రాగానే గేటు మూసి తాళం వేయాలి. ఆఫీసు నుంచి ఫోన్ వస్తే తప్ప ఎవరికీ తీయకూడదు. తాళంచెవి పీరయ్య నడుముకు వేలాడేది. లోపల అమ్మాయిల తరగతులు పై అంతస్తులో. అటు మగవాళ్లు పోకూడదు. ఆ విభాగాన్ని చూసుకునే హెడ్‌మిస్ట్రెస్ బషీరున్నీసా. కర్నూలు ఆమె, భర్త జబీ అదే ఊళ్లో ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియను. తెలుగు మాట వినపడితే ఆమెకు ప్రాణం లేచి వచ్చేది. గేటు దగ్గర రోజూ ఒక నిమిషం ఆగి ఇద్దరితోనూ తెలుగులో నాలుగు మాటలు మాట్లాడి పోయేది. ఆమె కూతురు ముబష్షిరాకు అప్పుడు ఏడేళ్లు.

జనవరి వచ్చింది. యుద్ధం మొదలైన రోజున బళ్లు మూసేశారు. స్థావరం నుంచి విమానాలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే కిటికీ అద్దాలు గడగడలాడేవి. ఇరాక్ విషవాయువు బాంబులు వేస్తుందని ఊరంతా చెప్పుకున్నారు. దుకాణాల్లో టేపు, ప్లాస్టిక్ షీట్లు దొరకలేదు. అబూ ఫహద్ తన మనుషుల్ని పెట్టి బడి కింద ఉన్న సామాన్ల గదిని ఖాళీ చేయించాడు. రోడ్డు వైపు ఉన్న చిన్న కిటికీలకు ప్లాస్టిక్ కొట్టించి, అంచులన్నిటికీ టేపు వేయించాడు. ఇళ్లలో అలాంటి గది లేని ఉపాధ్యాయుల కుటుంబాలను బడిలోకి వచ్చి ఉండమని కబురు చేశాడు. చాలామంది వచ్చారు. ఆడవాళ్లు పిల్లలు కింద గదిలో, మగవాళ్లు పక్క షెడ్డులో అని ఏర్పాటు.

ఆయన పీరయ్యను ఒక్కడినే పిలిచి చెప్పాడు. "సైరన్ మోగితే అందర్నీ లోపల పెట్టి బయట తాళం వేయి. లోపల ఎవరైనా భయపడి తలుపు తీస్తే గదిలో ఉన్న వాళ్లంతా పోతారు. రేడియో ప్రమాదం లేదని చెప్పేదాకా తీయకు. నీ మీద నమ్మకంతో వదిలి పోతున్నాను."

పీరయ్య సరేనన్నాడు. ఆ మాట తప్పని అతనికీ అనిపించలేదు.

ఆ వారం తబూక్‌లో చలి విపరీతంగా ఉంది. ఒక రోజు మధ్యాహ్నం సన్నగా వాన పడుతుండగా సైరన్ మోగింది. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని మెట్లు దిగారు. సిమెంటు నేల మంచుగడ్డలా ఉందని ఎవరో కిరోసిన్ హీటరు లోపలికి తెచ్చుకున్నారు. చంటిపిల్లలు ఉన్న గది, వద్దని ఎవరంటారు? బషీరున్నీసా అందర్నీ లెక్కచూసుకుని లోపలి నుంచి తలుపు మూసింది. పీరయ్య తడి తువ్వాళ్లు తలుపు కింద సందులో కుక్కి, బయట తాళం వేసి మెట్ల మీద కూర్చున్నాడు. ఇద్దరు కాపలాదార్లకూ కలిపి ఒకే మాస్కు ఇచ్చారు. దాన్ని ఎవరూ పెట్టుకోలేదు. పిల్లలకు లేనిది తాను ఎలా పెట్టుకోవాలో పీరయ్యకు తెలియలేదు. మస్తాన్ వలీ పైన గేటు దగ్గర ఉన్నాడు.

లోపలి నుంచి మొదట ఏడుపులు, తర్వాత పాటలు వినిపించాయి. ఎవరో టీచరు ఎక్కాలు మొదలుపెట్టించింది. పిల్లలు గొంతెత్తి చెబుతున్నారు. పీరయ్య ఆ గొంతులు వింటూ కూర్చున్నాడు. కొంతసేపటికి ఎక్కాలు చెప్పే గొంతులు తగ్గాయి. ఇంకొంతసేపటికి ఒకరిద్దరివే మిగిలాయి. ఆ తర్వాత అవీ ఆగిపోయాయి.

పీరయ్య లేచి నిలబడ్డాడు. చాలా ఏళ్ల కింద ఒక బావిలో నిప్పు ఆరాక లోపలికి పోయినప్పుడు, గోడకు ఆనుకుని కూర్చున్న మనుషుల్ని అతను చూశాడు. ఒంటి మీద గాయం లేదు. టిఫిన్ గిన్నెలు ఒళ్లో అలాగే ఉన్నాయి. నిద్రపోతున్నారనుకుని ఒకతన్ని పేరు పెట్టి పిలిచాడు కూడా.

తలుపు మీద చేత్తో కొట్టాడు. "మేడం."

కాసేపటికి గానీ జవాబు రాలేదు. "ఏం పీరయ్యా?" బషీరున్నీసా గొంతు బరువుగా ఉంది.

"పిల్లలు సప్పుడు చేస్తలేరు."

"నిద్రపోయారు. మంచిదే కదా. నాకూ తల దిమ్ముగా ఉంది."

"అందరు నిద్రపోయిండ్రా?"

లోపల ఆమె కదిలిన చప్పుడైంది. పిల్లల్ని చూస్తోందని అతనికి అర్థమైంది. "అందరూ" అంది చివరికి.

"మేడం, హీటరు ఆర్పుండ్రి. నేను తలుపు తీస్త."

"సైరన్ ఆగలేదు పీరయ్యా. బయట గ్యాస్ ఉంటే?"

బయట ఏముందో పీరయ్యకు నిజంగా తెలియదు. లోపల ఏముందో కూడా కచ్చితంగా తెలియదు. తాళం తీసి తాను తప్పయితే, ఇంతమంది పిల్లలు తన చేతుల్లోనే పోతారు. తీయకపోయినా తన చేతుల్లోనే.

"నాకు తెల్వది మేడం" అన్నాడు. "బయటేమున్నదో తెల్వది. లోపల్నే భయమైతంది."

తలుపు అవతల ఆమె కూతుర్ని పేరు పెట్టి పిలుస్తోంది. తర్వాత ఆమె గొంతు మారిపోయి వినిపించింది. "ముబష్షిరా లేవడం లేదు. తలుపు తీయి. తీసేయి పీరయ్యా."

తాళం తీసి తలుపు లాగాడు. కిరోసిన్ వాసనతో కూడిన వేడి గాలి మొహాన కొట్టింది. బషీరున్నీసా హీటరు ఆర్పి, గోడ పట్టుకుని నిలబడి ఉంది. పీరయ్య కేక వేస్తే మస్తాన్ వలీ పైనుంచి పరుగెత్తుకొచ్చి తెరిచిన తలుపు చూసి బిత్తరపోయాడు.

"ఏం చేస్తాండావన్నా? సైరన్ ఇంకా మోగతాండాది."

"ముందుగాల పిల్లల్ని పట్టు. అడుగుడు తర్వాత."

ఇద్దరూ ఒక్కొక్క బిడ్డనూ మెట్లెక్కించి వానలో ఆవరణలో పడుకోబెట్టారు. షెడ్డులోని మగవాళ్లు మొదట బయటికి రావడానికి భయపడ్డారు. తమ పిల్లలు వానలో పడి ఉండటం చూసి ఒక్కసారిగా వచ్చేశారు. పీరయ్య లేవని చెయ్యి ఆ రోజు ఎలా లేచిందో అతనికే తెలియదు. గాలి తగిలిన పిల్లలు దగ్గుతూ, వాంతులు చేసుకుంటూ ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. తల్లులు తూలుతూ మెట్లెక్కి వచ్చారు. ముబష్షిరా మాత్రం కదల్లేదు. పీరయ్య మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల నోట్లో తన ఊపిరి ఊదాడు. బషీరున్నీసా పక్కనే కూర్చుని కూతురి పాదాలు రుద్దుతోంది. ఎంతసేపు ఊదాడో ఎవరూ చూడలేదు. ఒక దగ్గు వచ్చింది. ఆ పైన ఏడుపు వచ్చింది.

ఆ రోజు తబూక్ మీద ఏ బాంబూ పడలేదు. ఆసుపత్రిలో డాక్టర్లు పిల్లలందరినీ పరీక్షించి, మూసిన గదిలో హీటరు వదిలిన విషగాలి పీల్చారని, ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమని అన్నారు. అబూ ఫహద్ ఆసుపత్రికి వచ్చి, అందరి ముందూ పీరయ్య తలను రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. తాళం వేయమన్నది నేను, తీసింది నువ్వు అని ఏడ్చాడు. యుద్ధం అయిపోయాక గొర్రెలు కోయించి అందరికీ విందు చేశాడు. పీరయ్యను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గోధుమ పొలాల్లో ఎవరికీ పేరు కూడా తెలియని మనిషి, ఆ రోజు తబూక్‌లో తెలుగువాళ్లందరికీ తెలిసినవాడయ్యాడు.

తనను పట్టి ఉంచబోయేది అదేనని అతనికి అప్పుడు తెలియదు.

ఒప్పందం పూర్తయిన ఏడాది పీరయ్య సెలవు అడిగాడు. అబూ ఫహద్ కాఫీ పోయించి, ఖర్జూరాలు ముందు పెట్టాడు. "పంపుతాను. పరీక్షలు అయిపోనీ" అన్నాడు. పరీక్షలు అయ్యాయి. "కొత్త పిల్లలు చేరుతున్నారు. నువ్వు కనబడకపోతే తల్లిదండ్రులు ఏమంటారు? బుక్రా చూద్దాం." బుక్రా అంటే రేపు. ఆ రేపు రంజాన్‌కు, రంజాన్ నుంచి హజ్‌కు, హజ్ నుంచి కొత్త తరగతులకు జరుగుతూ పోయింది. ఒకసారి కూడా ఆయన గొంతు పెంచలేదు. చలికాలంలో ఉన్ని కోటు కొనిచ్చాడు. జ్వరం వస్తే తన కారులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పీరయ్య ఇంటికి పోతానంటే మాత్రం ఆ ఒక్క మాట ఆయన చెవికి ఎక్కేది కాదు. ఖురూజ్ అంటారే, దేశం దాటడానికి కఫీల్ ఇచ్చే అనుమతి, అది లేకుండా విమానం ఎక్కడం కుదరదు. ఆయన సంతకం చేసిన కాగితం చేతిలో లేనిదే పక్క ఊరికి పోవడం కూడా కుదరదు.

మస్తాన్ వలీ అడిగిన నెలలోనే వెళ్లిపోయాడు. యుద్ధ భయం తగ్గింది, రెండో మనిషి అక్కరలేదని అబూ ఫహద్ అతనికి వెంటనే ఖురూజ్ ఇచ్చేశాడు. పెట్టె సర్దుకుంటున్న అతన్ని పీరయ్య మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏమన్నా, అట్ల కూకున్యావు?"

"నిన్ను పొమ్మన్నరు. నన్ను ఎందుకు పోనిస్తలేరు వలీ భాయ్?"

మస్తాన్ వలీ పెట్టె మూత మూసి దాని మీద కూర్చున్నాడు. "నేను ఎవుర్నీ కాపాడలేదు గదన్నా. అందుకే పోతాండా."

అతను నవ్వించడానికే అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

అప్పటి నుంచి గేటు పక్క గదిలో పీరయ్య ఒక్కడే. పొద్దున గేటు తీసి, పిల్లలు లోపలికి పోగానే తాళం వేసేవాడు. వేసిన తాళం లాగి చూసేవాడు. తాళం లోపల తాను కూడా ఉన్నానని మొదట్లో అనిపించేది. తర్వాత అది కూడా అనిపించడం మానేసింది. తల్లిదండ్రులు పిల్లలకు అతన్ని చూపించి, మీకేమీ కాదు, ఇక్కడ పీరయ్య ఉన్నాడని చెప్పి వదిలి పోయేవారు. పిల్లలు చాక్లెట్లు తెచ్చిచ్చేవారు. అతను నవ్వి తీసుకునేవాడు. గదిలోకి పోయి కూర్చున్నాక ఊపిరి ఆడనట్టుగా ఉండేది. రాయి కింద పడి ఉన్న రోజు కూడా ఇలా అనిపించలేదు. ఆ రోజు అవతల నుంచి తన జట్టు తవ్వుకుంటూ వస్తుందని తెలుసు.

శుక్రవారం బజారుకు పోయి టెలిఫోన్ కేబిన్ నుంచి లక్షెట్టిపేటకు మాట్లాడేవాడు. బస్టాండు దగ్గర ఫోన్ బూత్‌లో దేవవ్వ ఎదురుచూస్తుండేది.

"అందరు వస్తున్నరు, పోతున్నరు. నిన్ను ఒక్కన్ని ఎందుకు పట్టుకున్నరు?" అని ఒక శుక్రవారం నిలదీసింది. బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్న మనిషి. అబద్ధం ఆమె దగ్గర నిలవదు.

"మంచిగనే చూస్తున్నరు దేవవ్వా."

"మంచిగ చూసెటోల్లు ఇంటికి పంపరా? నిజం చెప్పు. జైల్ల ఉన్నవా?"

"జైల్ల లేను."

"ఉంటె చెప్పు. జైలైతే ఎప్పటికి ఇడుస్తరో చెప్తరు గద."

ఆ మాట పీరయ్య మనసులో ఉండిపోయింది.

1995లో ఒక రోజు అబూ ఫహద్ దగ్గర మళ్లీ నోరు విప్పాడు. ఈసారి ఆయన విసిగి ఉన్నాడేమో, దాచకుండా చెప్పేశాడు. "నేనొక్కణ్నే వద్దంటున్నానా? మీ మేడం కూడా నిన్ను పంపవద్దని మొదటి ఏడాదే నాతో చెప్పింది. నువ్వు పోతే తన కూతుర్ని బడి మాన్పిస్తానంది. ఆమెను అడుగు."

పీరయ్య బషీరున్నీసా ఆఫీసు గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె రాస్తున్నది పక్కన పెట్టింది.

"లోపలికి రా పీరయ్యా. కూర్చో."

"కూసోను మేడం. ఒక్క మాట అడుగుత. నన్ను ఇంటికి పంపొద్దని మీరు చెప్పిండ్రా?"

ఆమె మొహం పాలిపోయింది. కాదనలేదు. "చెప్పాను. అప్పుడు ముబష్షిరా తలుపు మూసిన గదిలో కూర్చునేది కాదు. గేటు దగ్గర నువ్వు కనిపిస్తేనే లోపలికి వచ్చేది. నువ్వు కనిపించని రోజు కారు దిగేది కాదు. నాకు ఇంకేమీ తోచలేదు."

"అది నాకెర్క లేదు మేడం."

"ఇంకో ఏడాది ఉంటే చాలనుకున్నాను. తర్వాత అడగడం మర్చిపోయాను. నువ్వు ఇక్కడే ఉంటావనుకోవడం అలవాటైపోయింది."

"నాకూ బిడ్డ ఉన్నది మేడం. నేను వచ్చిననాడు అది పాలు తాగుతున్నది. ఇప్పుడు బడికి పోతంది. నేను నల్లగుంటనా ఎర్రగుంటనా దానికి తెల్వది."

బషీరున్నీసా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ సాయంత్రమే భర్తను వెంటబెట్టుకుని అబూ ఫహద్ ఇంటికి పోయింది. నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను, అతన్ని పంపించండని అడిగింది. ఆయన నవ్వాడట. "ఇప్పుడు నీ ఒక్కదాని సంగతి కాదమ్మా. ఈ బడికి పిల్లలు ఎందుకొస్తున్నారనుకున్నావు? ఆ గేటు దగ్గర నిలబడిన మనిషిని చూసి వస్తున్నారు."

ఆమె మర్నాడు గేటు దగ్గర ఆగి ఈ మాట పీరయ్యకు చెప్పింది. పీరయ్య తల ఊపి గేటు మూసి తాళం వేశాడు.

కొన్నాళ్లు మామూలుగానే గడిచాయి. ఒక శనివారం పొద్దున పీరయ్య గేటు తీశాడు. పిల్లలు లోపలికి పోయారు. గంట కొట్టారు. అతను గేటు మూయలేదు. నడుముకున్న తాళంచెవి విప్పి గడియకు తగిలించాడు. గదిలో నుంచి బట్టల సంచి తెచ్చుకుని సందు దాటి, ఎదుటి గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

ఆఫీసు గుమాస్తా వచ్చి అడిగాడు. పీరయ్య గడియకున్న తాళంచెవి వైపు చూపించాడు. గేటు బార్లా తెరిచి ఉందని ఫోన్ పోయింది. అబూ ఫహద్ కారులో దిగాడు. తెరిచి ఉన్న గేటునూ, నేల మీద కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమిటిది? లే. తాళం వేయి."

"వెయ్య సాబ్. ఇగ నాతోని కాదు."

"పిల్లలు బయటికి వచ్చేస్తే? ఎవడైనా లోపలికి పోతే?"

"ఎవల్నన్న పెట్టుకోండ్రి. నేను ఈడ కూసున్న. నా కాగితం ఇచ్చేదాక ఈడనే కూసుంట."

అబూ ఫహద్ మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "పని వదిలి పారిపోయాడని నీ మీద రాసిస్తాను తెలుసా? పోలీసులు తీసుకుపోతారు. మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టలేవు."

"రాయుండ్రి. జైలు నుంచైన ఇంటికే పంపుతరు గద."

ఈలోగా బషీరున్నీసా కిందికి వచ్చింది. నల్ల అబాయా సర్దుకుని గేటు లోపలి వైపు నిలబడింది. గడియకు తగిలించిన తాళంచెవి తీసుకుని, "ఈ రోజు గేటు నేను చూసుకుంటాను. అతన్ని ఏమీ అనకండి" అంది. ఆమె వెనక పన్నెండో ఏట ఉన్న ముబష్షిరా ఉంది. తరగతి కిటికీలో నుంచి అంతా చూసి మెట్లు దిగి వచ్చింది.

"అంకుల్, మీరు ఇంటికి పోతున్నారా?" అని అడిగింది తెలుగులో.

"పోవాలె బిడ్డా."

ఆ పిల్ల తల్లి వైపు చూసింది. "నాకిప్పుడు భయం లేదు. అమ్మకే ఉంది" అంది. అని లోపలికి పోయింది. బషీరున్నీసా కళ్లు తుడుచుకుంది కానీ గేటు దగ్గర నుంచి కదల్లేదు.

అబూ ఫహద్ అన్నంత పనీ చేశాడు. పీరయ్య గోడ దగ్గరే కూర్చున్నాడు. జబీ రొట్టెలు, నీళ్లు తెచ్చి ఇచ్చేవాడు. కొందరు తల్లిదండ్రులు వచ్చి బతిమాలారు. ఇంకొందరు కృతజ్ఞత లేని మనిషని తిట్టారు. నాలుగో రోజు పోలీసు జీపు వచ్చింది. పీరయ్య సంచి పట్టుకుని తనంతట తానే ఎక్కాడు.

దేశం నుంచి పంపేసే వాళ్లను ఉంచే హాలులో నెల దాటిపోయింది. ఒకరి కాళ్లు ఒకరికి తగిలేలా పడుకోవాలి. మరుగుదొడ్డి దగ్గర వరస. పైన ఎక్కడో ఒకటే కిటికీ, దానికి చువ్వలు. చుట్టూ బంగ్లాదేశీలు, సూడానీలు, మలయాళీలు. జగిత్యాల వైపు వాడొకడు ఉంటే ఇద్దరూ ఊరి సంగతులు చెప్పుకునేవారు. ఊపిరాడని చోటే. అయినా రోజూ పొద్దున ఒకడు వచ్చి పేర్లు చదివేవాడు. చదివిన పేరున్నవాడు బయటికి పోయేవాడు. ఇక్కడ పేర్లు చదువుతారు కదా అని పీరయ్య అనుకునేవాడు.

చివరి రోజున అబూ ఫహద్ వచ్చాడు. పాస్‌పోర్టు ఎవరి చేతనో పంపించి ఊరుకోవచ్చు, తానే తెచ్చాడు. చువ్వల అవతల నిలబడ్డ ఆయన మొహం వాడిపోయి ఉంది.

"నీకు నేనేం తక్కువ చేశాను?" అని అడిగాడు. అది కోపంతో అడిగిన మాట కాదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

"తక్కువేం చెయ్యలేదు సాబ్. పోనియ్యలేదు, గంతే."

అబూ ఫహద్ చువ్వల్లో నుంచి చెయ్యి చాపాడు. పీరయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

బొంబాయిలో దిగి, రైలెక్కి మంచిర్యాలకు, అక్కడి నుంచి బస్సులో లక్షెట్టిపేటకు చేరేసరికి పట్టపగలు. దేవవ్వ వాకిట్లో బీడీ ఆకు కత్తిరిస్తోంది. భర్తను చూసి కత్తెర కింద పెట్టింది. ఆకు చేట పక్కకు జరిపింది. పీరయ్య వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. శ్రీలత తలుపు చాటు నుంచి చూసి లోపలికి పరుగెత్తింది.

ఆ పిల్లకు తండ్రి అంటే ఫోన్‌లో వచ్చే గొంతు. ఎదురుగా ఉన్న ఈ మనిషితో ఆమెకు మాట రాలేదు. పీరయ్య గోడకు ఇవతల కూర్చుని మాట్లాడితే మాత్రం అవతల నుంచి గలగలా జవాబులు వచ్చేవి. బడి సంగతులు, సావాసగాళ్ల సంగతులు అన్నీ చెప్పేది. అతను గోడ దాటి వస్తే నోరు మూసుకునేది. దేవవ్వ ఇద్దర్నీ చూసి తల కొట్టుకునేది. పీరయ్య తొందరపెట్టలేదు. వానాకాలమంతా ఆ గోడకు ఇవతలే కూర్చుని బిడ్డతో మాట్లాడాడు. ఒక రోజు అతను ఏదో చెబుతుంటే మధ్యలో అవతల నుంచి శబ్దం లేదు. తల తిప్పి చూస్తే శ్రీలత పక్కనే నిలబడి వింటోంది.

భుజం నొప్పి ముదరడంతో బరువు పనులు కుదరలేదు. ఊళ్లో ఒక ప్రైవేటు బడి వాళ్లు అతని సంగతి విని వాచ్‌మన్‌గా రమ్మన్నారు. వద్దన్నాడు. బస్టాండు దగ్గర దేవవ్వతో కలిసి చాయ్ హోటల్ పెట్టుకున్నాడు. గల్ఫ్‌కు పోయే కుర్రాళ్లు పెట్టెలు పక్కన పెట్టుకుని అక్కడే బస్సు కోసం ఎదురుచూసేవారు. ఎవరైనా అడిగితే తబూక్ చలి గురించి చెప్పేవాడు. కింద గది సంగతి మాత్రం తానుగా ఎన్నడూ ఎత్తలేదు. అది ఊళ్లోవాళ్లకు తెలిసింది మస్తాన్ వలీ ఒకసారి రాయచోటి నుంచి అతన్ని చూడటానికి వచ్చినప్పుడే. ఇద్దరూ ఆ రోజంతా హోటల్ ముందు బెంచీ మీద కూర్చున్నారు. మస్తాన్ వలీ చెబుతుంటే జనం మూగారు. పీరయ్య లేచి పొయ్యి దగ్గరికి పోయి, అందరికీ చాయ్ పెట్టాడు.